తాత సైకిలుకి పరీక్ష

వేసవి సెలవులకు కొద్దిరోజుల ముందు మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఒక పాత సైకిలును నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. వెనక టైరులో గాలి లేదు. చైను తుప్పు పట్టింది. ముందుండే బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఏ కంపెనీదో కూడా తెలియదు.

"మాస్టారూ, ఇది మా తాత సైకిలు. పాత ఇనుముకి వేసేద్దామంటున్నాడు మా నాన్న. పాత రష్యా సైకిళ్ళను జనం వెతికి కొని బాగుచేయించుకుంటారని ఫోనులో చూశానండీ. వాళ్ళదయితే అంత విలువ, మా తాతదయితే పాత ఇనుమా?" అని అడిగాడు.

అతని ఊరు బడికి అయిదు కిలోమీటర్లు. బస్సు దాటిపోతే నడకే. వచ్చే ఏడు చెల్లెలు కూడా మా బడిలోనే చేరుతుంది. కాబట్టి ఇది సరదాగా అడిగిన ప్రశ్న కాదు. "నువ్వు చెప్పినా, మీ నాన్న చెప్పినా వద్దు. సైకిలునే పరీక్షిద్దాం" అన్నాను.

రష్యా సైకిలు అంటే?

మనం వాడుకలో రష్యా అంటాం గాని, అవి సోవియట్ యూనియన్‌లో తయారైన సైకిళ్ళు. ఆ దేశం 1991లో పదిహేను దేశాలుగా విడిపోయింది. అక్కడి సైకిలు కర్మాగారాల్లో ఖార్కోవ్, పెంజా, మిన్స్క్ నగరాలవి పేరుపొందినవి. ఇప్పుడు ఖార్కోవ్ ఉక్రెయిన్‌లోను, పెంజా రష్యాలోను ఉన్నాయి. మిన్స్క్ బెలారస్ రాజధాని. ఖార్కోవ్ కర్మాగారానికి మూలం 1886లో రీగా నగరంలో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో దాన్ని ఖార్కోవ్‌కు తరలించారు. అక్కడ తయారైన పెద్దల సైకిలు పేరు 'ఉక్రైనా'. సోవియట్ పిల్లల సైకిలొకటి 'ష్కోల్నిక్', అంటే బడిపిల్లవాడు.

నా చిన్నతనంలో 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలను పుస్తకాలకు అట్టలుగా వేసుకునేవాళ్ళం. ఆ దేశం సంగతులు ఆ బొమ్మల్లో చూడటమే గాని, నరసరావుపేట బజారులో ఆ సైకిలు నాకెప్పుడూ కనబడలేదు. మన పల్నాడులో తిరిగినవి మన దేశపు సైకిళ్ళే. మద్రాసు దగ్గర అంబత్తూరు కర్మాగారం 1949లో స్థాపించిన సంస్థది. హెర్క్యులిస్ సైకిళ్ళు అక్కడివే. సోనీపట్‌లో అట్లాస్ 1951లోను, లూథియానాలో హీరో 1956లోను మొదలయ్యాయి.

ఉక్రైనానూ మన పాత సైకిలునూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటికీ ఉక్కు గొట్టాల చట్రమే. రెండింటికీ గేర్లు లేవు. రెండింటి చైనులోనూ ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. తేడాలు మాత్రం గమనించదగ్గవి.

నులకమంచం, సైకిలు చక్రం

మొదటి తేడా పుల్లల్లో ఉంది. మన సైకిలుకి సాధారణంగా ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలుంటాయి. సోవియట్ సైకిలుకి ముందు 36, వెనక 36. రెండు చోట్లా మొత్తం 72 మాత్రమే! మనిషి బరువు, క్యారేజి మీది మూట బరువు ఎక్కువగా వెనక చక్రం మీద పడతాయి కాబట్టి మనవాటిలో వెనక్కి ఎక్కువ ఇచ్చారు.

సన్నని పుల్లను నిలబెట్టి పైనుంచి నొక్కితే వంగిపోతుంది. మరి అలాంటి పుల్లలు మిరప టిక్కీనీ మనిషినీ కలిపి ఎలా మోస్తున్నాయి? మీ ఇంట్లో నులకమంచం ఉంటే చూడండి. నులకను నిలబెట్టలేం, కాని బిగించి అల్లితే దానిమీద ఇద్దరు పడుకోవచ్చు. చక్రంలో పుల్లలన్నీ అలాగే ముందే బిగించి ఉంటాయి. బరువు పడినప్పుడు నేలవైపు ఉన్న పుల్లల బిగువు కొంచెం సడలుతుంది, అంతే. బిగువు పూర్తిగా పోనంతవరకు చక్రం గుండ్రంగానే ఉంటుంది. బెండు తీసే మేస్త్రీ చేసేది ఈ బిగువును సరిచేయటమే.

రెండో తేడా బ్రేకులో ఉంది. మన పాత సైకిలులో కడ్డీలు రబ్బరు దిమ్మలను రిమ్ముకు నొక్కుతాయి. వానలో రిమ్ము తడిస్తే ఘర్షణ తగ్గి, బండి ఆలస్యంగా ఆగుతుంది. ఉక్రైనాలో పెడలును వెనక్కి తొక్కితే వెనక హబ్బు లోపల ఉన్న బ్రేకు పట్టుకుంటుంది. అది మూసి ఉంటుంది కాబట్టి వానా, మంచూ, బురదా దాన్ని అంతగా బాధించవు. కాని చైను ఊడిందా, ఆ బ్రేకు కూడా పోయినట్లే!

మూడో తేడా మోసగించే తేడా. రెండు చక్రాలనూ '28 అంగుళాల'వనే అంటారు. కాని టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం మనదానికి 635 మిల్లీమీటర్లు, ఉక్రైనాకు 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా చాలు, ఆ టైరు దీనికి పట్టదు. ఎంత గట్టి సైకిలయినా సరిపోయే టైరు దొరకని ఊళ్ళో గోడకు ఆనించి ఉంచాల్సిందే.

పాతవన్నీ గట్టివేనా?

"ఆ రోజుల్లో ఇనుమే వేరు" అని పెద్దలంటారు. ఒక్క నిమిషం ఆలోచించండి. "మా ముత్తాతల కాలంలో అందరూ తొంభై ఏళ్ళు బతికేవారు" అని కూడా అంటారు. చిన్నప్పుడే పోయినవాళ్ళు మనకు కనబడరు, కాబట్టి లెక్కలోకి రారు. సైకిళ్ళూ అంతే. విరిగినవి ఎప్పుడో పాత ఇనుములో కరిగిపోయాయి. మిగిలిన గట్టివాటిని చూసి పాతవన్నీ గట్టివనుకుంటాం. ఖార్కోవ్ సైకిలుకైనా, మన సైకిలుకైనా ఇదే న్యాయం. మిగిలిందాన్ని కూడా పరీక్షించకుండా నమ్మకూడదు.

మేం చేసిన పరీక్షలు

ముందు మిరపకాయలు తూచే కాటా మీద తూచాం. 21 కిలోలు. పాత ఇనుము వ్యాపారికి కావలసింది ఆ ఒక్క అంకె. మాకు ఇంకా కొన్ని కావాలి.

చట్రం వంకర ఉందా అని చూడటానికి దారం చాలు. హ్యాండిలు కింది గొట్టం చుట్టూ దారం తిప్పి, రెండు కొసలనూ వెనక ఇరుసు దగ్గర రెండు వైపులా బిగించి కట్టాం. సీటు కింది గొట్టానికి ఎడమ దారం దూరం 31 మిల్లీమీటర్లు, కుడి దారం దూరం 31. చట్రం తిన్నగా ఉందన్నమాట.

తర్వాత చైను. 24 అర అంగుళాలంటే 304.8 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు పెడితే 309 వచ్చింది. ఇనుము సాగిందా? కాదు. ప్రతి పిన్నూ, దాని రంధ్రమూ కొంచెం కొంచెం అరిగి, ఆ సందులన్నీ కలిసి చైను పొడుగైంది. అరిగిన చైను పళ్ళను కూడా అరగదీస్తుంది. ఫ్రీవీలు పళ్ళు కొక్కేల్లా వంగి ఉన్నాయి.

చివరికి ముందు ఫోర్కు. మట్టి తుడిచి, ఉప్పుకాగితంతో రుద్దాం. మెడ దగ్గర తుప్పు కింద వెంట్రుకలా ఒక గీత కనబడింది. రుద్దినా పోలేదు, గోరు పెడితే తగులుతోంది. అది పగులు!

కుర్రాడి ముఖం వాడిపోయింది. "ఇంత లావు ఇనుము ఎలా పగిలిందండీ?" అన్నాడు. ఒక ఇనుప తీగ ఇచ్చి అటూ ఇటూ వంచమన్నాను. మొదటిసారి విరగలేదు, అయిదోసారీ విరగలేదు. ఇంకొన్నిసార్లు వంచాక పుటుక్కున విరిగింది. గతుకు తగిలినప్పుడల్లా ఫోర్కు కంటికి కనబడనంతగా వంగి లేస్తుంది. అలా లక్షలసార్లు జరిగితే ఎక్కడో చిన్న పగులు పుట్టి మెల్లగా పెరుగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. ఆ సైకిలుకి గాలి కొట్టి, చెల్లెల్ని ఎక్కించుకుని దిగువలో వేగంగా వెళ్ళి ఉంటే? ముందు చక్రం ఊడి ఇద్దరూ పడేవాళ్ళు.

తీర్పు

మరి పాత ఇనుమేనా? ఫోర్కు మాత్రం పాత ఇనుమే. పగిలినదాన్ని అతికించి వాడటం క్షేమం కాదన్నాను. మిగతా సంగతి చూడండి. చట్రం తిన్నగా ఉంది. రెండు చక్రాలూ బెండు తీస్తే చాలు. కొత్త ఫోర్కు, చైను, ఫ్రీవీలు, బాల్సు, బ్రేకు రబ్బర్లు, టైర్లు బజారులో దొరికాయి, అలాగే అమరాయి. యాభై ఏళ్ళనాటి దానికి నిన్న చేసిన భాగం ఎలా అమరింది? కొలతలు మారలేదు కాబట్టి. రెండు పానాలు, ఒక సుత్తి, కాస్త గ్రీజు ఉంటే విప్పని భాగం లేదు కాబట్టి. పాత సోవియట్ సైకిళ్ళను బాగుచేసుకునేవాళ్ళు మెచ్చుకునే గుణమూ ఇదే. నాణ్యమంటే విరగకపోవటం ఒక్కటే కాదు, విరిగినదాన్ని మార్చుకోగలగటం కూడా.

లోపాలూ దాచకూడదు. ఈ సైకిలు బరువెక్కువ. ఎదురుగాలిలో, ఎగువలో గేర్లు లేని కష్టం తెలుస్తుంది. వానలో బ్రేకు ముందుగానే వేయాలి. కంపెనీలు కూడా శాశ్వతం కాదు. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే ఆగిపోయింది. అయినా ఆ సైకిళ్ళు తిరుగుతున్నాయి. కొలతలు ఒక్క కంపెనీ సొత్తు కాకపోవటమే కారణం.

బడి తెరిచాక ఆ కుర్రాడు తాత సైకిలు మీదే వచ్చాడు. వెనక క్యారేజి మీద చెల్లెలు ఉంది. పాత ఫోర్కును మాత్రం మా సైన్సు గదిలో మేకుకు వేలాడదీశాం. వచ్చినవాళ్ళు ఆ గీతను గోటితో తడిమి చూస్తున్నారు.

మీరూ చేయండి

1. మీ ఇంటి సైకిలు చైనులో 24 అర అంగుళాలు కొలవండి. 308 మిల్లీమీటర్లు దాటితే చైను మార్చాలి.

2. పెడలు దగ్గరి పళ్ళను, వెనక పళ్ళను లెక్కించండి. 44, 18 అయితే ఒక తొక్కుకు చక్రం ఎన్నిసార్లు తిరుగుతుంది? చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లయితే అయిదు కిలోమీటర్లకు ఎన్ని తొక్కులు? 917కి దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే.

3. ఫోర్కు మెడను, చట్రం అతుకులను తుడిచి చూడండి. గీత కనబడితే ఆ సైకిలు ఎక్కకండి. ముందు పెద్దలకు చూపించండి.