తొమ్మిది రోజుల్లో ఇటలీ

ప్రశ్న: మాది ఖటోదరాలో మగ్గాల షెడ్డు. పాతికేళ్ల పెళ్లిరోజుకి ఇద్దరం ఇటలీ వెళ్దామనుకుంటున్నాం. తొమ్మిది రోజుల్లో రోమ్, నేపుల్స్, ఫ్లోరెన్స్, మిలాన్, వెనిస్ చూడగలమా?
- ఒక పాఠకురాలు, సూరత్

జవాబు: చూడొచ్చమ్మా, కానీ సగం సెలవు రైళ్లలోనే గడిచిపోతుంది. నేపుల్స్, మిలాన్ వదిలేయండి. రోమ్‌లో దిగి, వెనిస్ నుంచి తిరుగు విమానం ఎక్కండి. రోమ్‌కు నాలుగు రోజులు ఇవ్వండి. హైస్పీడ్ రైల్లో అక్కడి నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, ఆపై వెనిస్ రెండు గంటల పైచిలుకు.

వాటికన్ మ్యూజియంలకు నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు సెలవు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ కళా మ్యూజియం సోమవారం తెరవరు. రోమ్‌లో కొలోసియం టికెట్లు ముందే కొనుక్కోండి, అక్కడికెళ్లాక చూద్దామంటే ఎండలో క్యూలే. వెనిస్‌లో వంతెనలు చాలావరకు మెట్లే, పెద్ద సూట్‌కేసు మోయాల్సింది మీవారే!

మీకు మాత్రమే చెప్పే మాట: ఫ్లోరెన్స్ నుంచి అరగంటలోపు రైలు దూరంలో ప్రాతో ఉంది. శతాబ్దాలుగా ఉన్ని బట్టల ఊరు. పాత మిల్లులోనే వస్త్రాల మ్యూజియం పెట్టారు. మగ్గం తెలిసిన మీకు అది ఉఫీజీ కన్నా నచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలకు ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. షెడ్డు ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే సర్దిపెట్టుకోండి.