మూడ్ మారింది సరే, ఎన్నాళ్లు నిలిచింది?

మానసిక వైద్యుడిగా రిటైరయ్యాక కూడా బంధువుల ఫోన్లు ఆగలేదు. ‘అమ్మాయికి బైపోలార్ అని ఒక డాక్టరు, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అని ఇంకో డాక్టరు అంటున్నారు. ఏది నిజం బాబాయ్?’ అని అడుగుతారు. ఫోన్లో తేల్చను గానీ, ఏం గమనించాలో చెబుతాను.

1. ముందు రోజులు లెక్కపెట్టండి. బైపోలార్‌లో ఉద్రేకం (మేనియా), కుంగుబాటు (డిప్రెషన్) దశలుగా వస్తాయి. మేనియా అనాలంటే ఆ ఉద్రేకం కనీసం వారం ఉండాలి. దాని తేలిక రూపమైన హైపోమేనియాకు నాలుగు రోజులు, డిప్రెషన్‌కు రెండు వారాలు కనీస గడువు. చాలామందిలో నెలల తరబడి సాగుతుంది, మధ్యలో మామూలుగా ఉండే కాలమూ వస్తుంది. బోర్డర్‌లైన్‌లో పొద్దున నవ్విన మనిషి మధ్యాహ్నం మండిపడి, రాత్రికి కుమిలిపోవచ్చు. ‘రోజుకు నాలుగుసార్లు మూడ్ మారుతోంది, బైపోలారే’ అనేవారు నాకు బోలెడంతమంది తగిలారు. అలా గంటగంటకూ మారుతుంటే నాకు ముందు అనుమానం వచ్చేది బోర్డర్‌లైన్ మీదే.

2. నిద్ర గురించి గుచ్చి గుచ్చి అడగండి. నా దృష్టిలో ఇంతకు మించిన ప్రశ్న లేదు. మేనియాలో మనిషికి నిద్ర అవసరమే తగ్గిపోతుంది. రెండు మూడు గంటలు పడుకుని హుషారుగా లేస్తాడు. అర్ధరాత్రి బీరువాలు సర్దుతాడు, తెల్లారకముందే స్నేహితులకు ఫోన్ చేసి వ్యాపారం ప్లాన్లు చెబుతాడు, అప్పు తెచ్చి స్థలానికి అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. మాట మాటను తరుముతుంటుంది. బోర్డర్‌లైన్ మనిషి కూడా రాత్రంతా మేలుకోవచ్చు. కానీ అది గొడవ తల్చుకుని ఏడుస్తూ పట్టని నిద్ర. మర్నాడు ఒళ్లు హూనమవుతుంది.

3. మారడానికి ముందు ఏం జరిగింది? బోర్డర్‌లైన్‌లో ఆ మార్పు వెనక తరచూ ఒక మనిషి కనిపిస్తాడు. మెసేజ్‌కు జవాబు ఆలస్యమైంది, స్నేహితురాలు వేరేవాళ్లతో సినిమాకెళ్లింది. అంతే, ‘నన్ను వదిలేస్తున్నారు’ అన్న భయం. నిన్న దేవుడైనవాడు ఇవాళ శత్రువు. లోపలంతా ఖాళీగా ఉందంటారు. ఇది నటన కాదు, ఆ నొప్పి నిజం. బైపోలార్ కూడా ఒత్తిడితోనో నిద్ర చెడడంతోనో మొదలుకావచ్చు. మొదలయ్యాక మాత్రం కారణం తీరినా ఆగదు.

4. ఒక్క సిట్టింగ్‌లో తేల్చేసే డాక్టరును నేను నమ్మను. చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లు వెంట వెళ్లాలి. నిద్ర, మూడ్ రాసిన నోటుబుక్కు తీసుకెళ్లండి. వంశంలో ఎవరికైనా బైపోలార్ ఉంటే దాచకండి. థైరాయిడ్, గంజాయి, మద్యం, స్టెరాయిడ్ల సంగతీ చూడాలి.

5. పేరులో ఏముందిలే అనుకోవద్దు, వైద్యమే వేరు. బైపోలార్‌కు మందులే ఆధారం. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం ఇప్పటికీ వాడుతున్నాం. దానికి రక్తంలో మోతాదు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు తప్పవు. బైపోలార్ అని తెలియక ఉత్త డిప్రెషన్ మాత్రలే ఇస్తే కొందరికి మేనియా ఎగదన్నుతుంది. బోర్డర్‌లైన్‌కు మాత్రం ప్రధానం థెరపీ, జబ్బు మొత్తానికి పనిచేసే మందంటూ లేదు. డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే పద్ధతిని రూపొందించిన మార్షా లినెహాన్ తానూ ఇలాంటి బాధ పడినట్లు 2011లో బయటపెట్టారు. మన ఊళ్లలో డీబీటీ నేర్చినవాళ్లు దొరకడం కష్టమే. అయినా వెతకాలి.

6. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

7. ‘పెళ్లి చేస్తే సర్దుకుంటుంది’ అనే సలహా ఎవరిచ్చినా వినకండి. బైపోలార్ ఉన్న స్త్రీకి కాన్పు తర్వాతి వారాలు ప్రమాదకరం. బైపోలార్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతుంటే గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా మానేయకూడదు. బోర్డర్‌లైన్ జీవితాంతం ఇలాగే ఉంటుందన్నదీ అబద్ధం. ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువమందిలో లక్షణాలు తగ్గుతాయి.

8. చెయ్యి కోసుకున్నా, చచ్చిపోతానన్నా ‘బెదిరింపులే’ అని కొట్టిపారేయకండి. రెండు జబ్బుల్లోనూ ఆత్మహత్య ముప్పు ఉంది. మనిషిని ఒంటరిగా వదలకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదకొస్తే మాత్రం ఫోన్లతో ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ జబ్బన్నది తర్వాత తేల్చుకోవచ్చు.