పొట్టగోడకు లోపలి అతుకు

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. దానికి దగ్గరలోని వన్ టౌన్ వీధుల్లో బస్తాలు మోసే కార్మికులను చూశారా? బస్తా ఎత్తేముందు ఊపిరి బిగబడతారు. అప్పుడు పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. కండరాలతో, గట్టి పొరలతో ఏర్పడిన పొట్టగోడ దానిని తట్టుకుంటుంది.

ఈ గోడ బొడ్డు దగ్గరో, పాత ఆపరేషను కోత సరిగా అతకనిచోటో బలహీనపడితే, లోపలి కొవ్వు, పేగు చర్మం కిందికి ఉబ్బివస్తాయి. అదే హెర్నియా. దగ్గితే ఉబ్బుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. కాని పెద్దవాళ్లలో అది దానంతట అది మానదు. లోపలి ఒత్తిడి మారకపోయినా, ఉబ్బు పెద్దదైనకొద్దీ దాని గోడమీద లాగుడు ఎక్కువవుతుంది. రంధ్రం ఇంకా సాగుతుంది.

పూర్వం రంధ్రం అంచులను దగ్గరికి లాగి కుట్టేవారు. పెద్ద రంధ్రమైతే కుట్లు లాగుడుకు తట్టుకోలేక హెర్నియా తిరిగి వచ్చేది. 1950ల చివర అమెరికా సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ వలను అతుకుగా వాడాడు. వల కన్నుల్లోకి శరీర కణాలు పెరిగి, గోడ గట్టిపడుతుంది.

వలను ఎక్కడ పెట్టాలి? సైకిలు టైరు చిరిగితే షాపువాడు రబ్బరు ముక్కను టైరు లోపల, ట్యూబుకు పైన పెడతాడు. గాలి కొట్టగానే ట్యూబే ఆ ముక్కను టైరుకు అదిమిపెడుతుంది. వలను కూడా లోపలివైపు పెడితే, పొట్టలోని ఒత్తిడే దానిని గోడకు అదుముతుంది!

పెద్ద కోత లేకుండా లోపలికి ఎలా వెళ్లాలి? రోగికి మత్తు ఇచ్చి, 5 నుంచి 12 మిల్లీమీటర్ల చిన్న రంధ్రాలు చేస్తారు. బొగ్గుపులుసు వాయువును 12-15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో నింపి పొట్టను ఉబ్బిస్తారు. ఈ వాయువు మండదు. రక్తంలో కరిగి ఊపిరితో బయటకు పోతుంది. ఒక రంధ్రంలోంచి కెమెరా, మిగతావాటిలోంచి పనిముట్లు వెళతాయి. రంధ్రం అంచులు దాటి అన్నివైపులా సుమారు 5 సెంటీమీటర్లు పరుచుకునేలా వలను అమర్చుతారు. పేగులకు తగిలే వలకు ఆ వైపు అతుక్కోకుండా పూత ఉంటుంది. పొట్టగోడ హెర్నియాకు ఈ పద్ధతిని 1993లో కార్ల్ లెబ్లాంక్ వివరించాడు.

మరీ పెద్ద హెర్నియాలలో ముందుగా కండరపు పొరలను విడదీసి అంచులను కలపవలసి వస్తుంది. కొందరికి పెద్ద కోతే మేలు. ఏది తగినదో డాక్టరే నిర్ణయించాలి.

ఒక్క ప్రమాదం మాత్రం గుర్తుంచుకోండి. పేగు రంధ్రంలో ఇరుక్కుంటే దానికి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే కుళ్లిపోవచ్చు. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే గుడ్డకట్టి ఊరుకోకూడదు, బలవంతంగా నొక్కకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వన్ టౌన్ వాళ్లకైతే 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. ఇంట్లో ఎవరైనా ఉబ్బును దాచుకుంటుంటే, ఈ సంగతి మీరే చెప్పండి.