ఆసియా క్రీడలలో యుద్ధవిద్యలు: పెంచాక్ సిలాట్ నేర్పిన పాఠము

పరుగుపందెములో విజేత ఎవరో గడియారము చెప్పును. బరువులెత్తు పోటీలో ఇనుమే చెప్పును. యుద్ధవిద్యలలో మాత్రము ఆ తీర్పును చాలవరకు మనిషి కన్ను చెప్పవలసియున్నది. ఈ భేదమును గ్రహింపనిదే ఆ పోటీల సొగసు గాని, వాటి చిక్కు గాని మనకు బోధపడదు.

ఆసియా క్రీడలు 1951లో న్యూఢిల్లీలో ప్రారంభమైనవి. తైక్వాండో 1986లో సియోల్ నందును, ఊషూ 1990లో బీజింగ్ నందును, కరాటే 1994లో హిరోషిమా నందును తొలిసారి ప్రవేశించినవి. తైక్వాండో కొరియాది, ఊషూ చైనాది, కరాటే జపానుది. ఆతిథ్యమిచ్చు దేశము తన ఇంటి విద్యను అతిథుల ముందుంచుట ఆనవాయితీ వంటిదైనది. 2018లో జకార్తా, పాలెంబాంగ్ నగరములలో క్రీడలు జరిగినపుడు ఇండోనేషియా పెంచాక్ సిలాట్‌ను ప్రవేశపెట్టినది.

ఈ విద్య ఎట్టిది? జావాలో పెంచాక్ అనియు, పశ్చిమ సుమత్రాలో సిలాట్ అనియు వ్యవహరింపబడిన విద్యలకు ఇది ఉమ్మడి పేరు. దీని జాతీయ సంఘము 1948లో ఏర్పడినది. 1980లో ఇండోనేషియా, మలేషియా, సింగపూర్, బ్రూనై దేశములు కలిసి అంతర్జాతీయ సంఘమును స్థాపించినవి. 1987లో ఇది ఆగ్నేయాసియా క్రీడలలో చేరినది. 2019లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది.

పోటీలు ప్రధానముగా రెండు విధములు. మొదటిది ద్వంద్వయుద్ధము. ఇందు గుద్దు కంటె తాపుకు, తాపు కంటె ప్రత్యర్థిని పడగొట్టుటకు విలువ ఎక్కువ. రెండవది ప్రదర్శన. ఒకరుగా, ఇద్దరుగా, ముగ్గురుగా విన్యాసములు చూపుదురు. మన కర్రసామును తలపించు కర్ర విన్యాసములును ఇందు కలవు.

జకార్తాలో 16 స్వర్ణములకు గాను 14 ఇండోనేషియాకు, 2 వియత్నామునకు లభించినవి. ఆ దేశము గెలిచిన మొత్తము 31 స్వర్ణములలో దాదాపు సగము ఈ ఒక్క క్రీడ నుండియే వచ్చినవి. తరతరముల సాధన ఫలమని కొందరనిరి. న్యాయనిర్ణేతల పక్షపాతమని మరికొందరనిరి. ఒక మలేషియా క్రీడాకారుడు తీర్పుపై నిరసనతో ఫైనలు పోటీ ముగియకముందే బరి విడిచి వెళ్ళెను. తరువాత 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడలలో పెంచాక్ సిలాట్‌కు చోటు దక్కలేదు.

ఆతిథ్య దేశము గెలిచినంత మాత్రమున అన్యాయము జరిగినదని చెప్పరాదు. పుట్టినింట విద్య బలముగా నుండుట సహజము. కాని కంటితో కొలుచు క్రీడలో తీర్పు నిష్పాక్షికముగా నుండిన చాలదు. అట్లున్నదని ఓడినవానికిని నమ్మకము కలుగవలెను. ఆ నమ్మకము లేనిచో గెలిచినవాని పతకమునకును మచ్చ తప్పదు. స్పష్టమైన నియమములు, తటస్థ నిర్ణేతలు, దృశ్య పునఃపరిశీలన — ఇవి ఓడినవాని కంటె గెలిచినవానికే ఎక్కువ అవసరము.

అదే వేదికపై మరొక దృశ్యము కనబడినది. 2018 ఆగస్టు 29న స్వర్ణము గెలిచిన హనీఫాన్ యుదానీ కుసుమా ప్రేక్షకుల మధ్యకు వెళ్ళి, అధ్యక్షుడు జోకో విడోడోను, ఆయన రాజకీయ ప్రత్యర్థియు సిలాట్ సంఘాధ్యక్షుడునైన ప్రబోవో సుబియాంతోను ఒక్కసారిగా కౌగిలించుకొనెను. జాతీయ పతాకము ముగ్గురినీ కప్పినది.

విద్యార్థి మిత్రులారా! కొట్టుట నేర్పు విద్యయే కౌగిలించుటయు నేర్పగలదు. మన కళాశాల ఆటస్థలములో గెలుపోటములు కలిగినపుడు ఈ రెండు దృశ్యములను జ్ఞప్తికి తెచ్చుకొందము: బరి విడిచినవాని వేదనను, ప్రత్యర్థులను కలిపిన కౌగిలిని. మొదటిది తీర్పరులకు పాఠము; రెండవది మనకు.