సముద్రం మీద చమురు, బోధన్ చెరకు బండ్లు: ఒక విద్యార్థికి లేఖ



సముద్రంలో ఒలికిన చమురు ఒకచోట నిలవదు. నీటి ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది. గాలి కూడా తన వేగంలో సుమారు 3 శాతం చొప్పున నెడుతుంది. ఆ దారిలో అలలు చిలికినకొద్దీ చమురు నీటిని కలుపుకుని చిక్కబడుతుంది, ఒక టన్ను కాస్తా మూడు నాలుగు టన్నుల ముద్దవుతుంది. ఎన్ని ఓడలు కావాలో లెక్క వేసేవారు ఒలికిన చమురును కాదు, ఎత్తవలసిన ముద్దను కొలవాలి.

మన దేశంలో ఒలికిన చమురును తొలగించే పనిని సమన్వయం చేసే బాధ్యత 1986 నుంచి కోస్ట్‌గార్డ్‌ది. జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల లోపు ఒలికితే అక్కడి రేవు గానీ చమురు సంస్థ గానీ సొంత సామగ్రితో రంగంలోకి దిగాలి. అంతకు మించితే కోస్ట్‌గార్డ్ ఓడలు, విమానాలు కదులుతాయి. కాలుష్యాన్ని అదుపుచేసేందుకే కట్టిన సముద్ర పహరేదార్ నౌక తూర్పు తీరంలో విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తుంది.

ముందు వెళ్లవలసింది విమానం. ఓడ మీద నిలబడినవారికి చమురు ఎక్కడ మందంగా ఉందో కనబడదు. నీటి మీద మెరిసే పలుచని పొర వెంట పడితే రోజంతా వృథా. కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానం పైనుంచి మందపాటి మచ్చను గుర్తించి దారి చూపితే, రెండు పడవలు తేలే కంచెను, అంటే బూమ్‌ను, చెరో కొస పట్టుకుని లాగుతాయి. కంచె మధ్య పోగైన చమురును మూడో ఓడ స్కిమ్మర్‌తో పైకి తోడుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. కంచెకు ఎదురయ్యే నీటి వేగం గంటకు 1.3 కిలోమీటర్లు దాటితే చమురు కిందినుంచి జారిపోతుంది. అది చెరకు బండి లాగే ఎద్దుల నడక కంటే తక్కువ వేగం.

పని ఎక్కువగా ఆగిపోయేది ఆ తర్వాతి మెట్టు దగ్గరే. స్కిమ్మర్ చమురుతో పాటు నీటినీ తోడుతుంది కాబట్టి ఓడలోని ట్యాంకు చూస్తుండగానే నిండుతుంది. తోడినదాన్ని నింపుకుపోయే ఖాళీ బార్జి సమయానికి రాకపోతే ఎంత గొప్ప స్కిమ్మర్ అయినా ఊరికే తేలుతుంది. 1937లో నిజామాబాద్ జిల్లా బోధన్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. నరికిన చెరకు ఎండలో ఉన్నకొద్దీ బరువూ తీపీ తగ్గుతాయి. అందుకే ఏ పొలం ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్ చెప్పేది. నరికేవారు, బండ్లు, గానుగ ఒకే లయలో నడవాలి. సముద్రంలోనూ అంతే: తోడే వేగం, నింపుకునే చోటు, రేవులో దించే ఏర్పాటు ఒకదానికొకటి సరిపోవాలి. స్కిమ్మర్లు ఎన్ని ఉన్నాయని అడిగే ముందు ఖాళీ ట్యాంకులు ఎన్ని ఉన్నాయని అడగాలి.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గర ఎన్నూరులో కామరాజర్ రేవు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం ఓడలు ఢీకొన్నాయి. మొదట్లో నష్టాన్ని తక్కువగా అంచనా వేశారు. ఈలోగా చిక్కటి ఫర్నేస్ ఆయిల్ దక్షిణంగా కొట్టుకొచ్చి ఒడ్డు రాళ్ల మధ్య పేరుకుంది. అక్కడికి ఓడ రాలేదు, కంచె వేసి లాభం లేదు. పీల్చి తోడే సూపర్ సక్కర్ లారీలు తెచ్చినా సరిపోలేదు. జాలరులు, విద్యార్థులు, కోస్ట్‌గార్డ్ సిబ్బంది వరసగా నిలబడి ఆ ముద్దను బకెట్లతో ఎత్తిపోశారు. మొదటి గంటల్లో పోయిన సమయానికి ఆ చేతులు చెల్లించిన మూల్యం అది.

అప్పుడు ఆ చమురు ఎటు కొట్టుకుపోతుందో గాలి, ప్రవాహాల లెక్కలతో అంచనా వేసి చెప్పింది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. సముద్రం లేని జిల్లాలో పుట్టినవారు కూడా ఈ విద్య నేర్చుకోవచ్చు. ఆ కార్యాలయం నిజామాబాద్ నుంచి ఒక పూట ప్రయాణం.