విశాఖ కొండ ముక్కు, మన మెరీనా ఇసుక

నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకు గుమాస్తాగిరీ. భూగోళశాస్త్రం రిటైరయ్యాక పట్టుకున్న వ్యసనం. మొన్న మనవరాలు "అలల కోత వలన రాతి తీరాలు ఏర్పడును" అని బట్టీ పెడుతుంటే అడిగాను: మెరీనాలోనూ అదే బంగాళాఖాతం కదా, మరి ఇక్కడ చాపలా ఇసుక పరుచుకుంటే, విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ నీటిలోకి ఎందుకు పొడుచుకు వచ్చింది? జవాబు రాలేదు. పుస్తకంలో ఉన్నది సగమే మరి.

మిగతా సగం నేలలో ఉంది. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం దాకా మన తూర్పు తీరం అంటార్కిటికాతో అతుక్కుని ఉండేది. అప్పడం విరిస్తే ఒక్క గీత మీదే విరగదు, పక్కన పదిచోట్ల బీటలు పడతాయి. ఆ రెండు ఖండాలు విడిపోయినప్పుడూ అంతే. బీటకు రెండు వైపులా రాయి జరిగితే దానిని భ్రంశం అంటారు. కొన్ని దిమ్మెలు కుంగాయి, కొన్ని నిలిచాయి. కుంగినచోట గోదావరి, కృష్ణ కిలోమీటర్ల మందాన ఒండ్రు నింపాయి. కోనసీమ అంత చదునుగా ఉన్నది అందుకే. విశాఖ దగ్గర పూడ్చడానికి అంత పెద్ద నది లేదు. తూర్పు కనుమల ఖొండలైటు రాయి సముద్రం దాకా వచ్చి బయటే నిలిచింది.

ఇక అలల పని. గట్టి రాయి అలకు సులువుగా లొంగదు. బీట పడినచోట రాయి ముందే నలిగి ఉంటుంది, నీరు దూరి ఇంకా గుల్లబారుతుంది, ముందుగా అదే కొట్టుకుపోతుంది. అక్కడ వంకో, ఇసుక తిన్నెో; గట్టిగా మిగిలినచోట ముక్కు. కోసేది అలే, కానీ ఎక్కడ కోయాలో చెప్పేది బీట. ప్రారంభ నిల్వ చూడకుండా ఈ ఏటి జమాఖర్చు అర్థం కాదు కదా!

ఆ ముక్కు చాటునే 1933లో విశాఖ రేవు ప్రారంభమైంది. మన చెన్నైకి అలాంటి చాటు లేక సముద్రంలో గోడలు కట్టవలసి వచ్చింది. 1881 తుపానుకు అవి దెబ్బతిన్నాయి కూడా. రేవుకు దక్షిణాన ఇసుక చేరి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది.

పాత బీటలన్నీ నిద్రపోలేదు. 2001 సెప్టెంబరు 25 రాత్రి పుదుచ్చేరి దగ్గర సముద్రంలో 5.5 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మా వంటింట్లో గిన్నెలు మోగాయి.

విశాఖ విహారయాత్రకు వెళ్ళే పిల్లలకు ఒక మాట. యారాడ లాంటి చోట్ల రాళ్ళ సందులు ముచ్చటగా ఉంటాయి. ఇరుకులోకి వచ్చిన అల ఎత్తు పెరిగి, తిరిగి వెళ్ళేటప్పుడు మనిషిని లాగేస్తుంది. దిగవద్దు. గట్టు మీద నిలబడి, బీటలు ఏ దిక్కుగా సాగుతున్నాయో నోటుబుక్కులో గీసుకుని రండి.