ఆరోగ్య పాఠం: రూతుకు పని దొరికిన చేను



భర్తను పోగొట్టుకున్న మోయాబీయురాలు రూతు, అత్త నయోమితో బేత్లెహేము చేరేసరికి యవల కోత మొదలయింది. బోయజు ఆ పరదేశిని పరిగె ఏరుకోనిచ్చి ఊరుకోలేదు. పనివారు ఆమె జోలికి పోకుండా ఆజ్ఞాపించాడు. దాహమైతే నీళ్ళెక్కడ తాగాలో చెప్పాడు. భోజనానికి తమతో కూర్చోబెట్టాడు (రూతు 2వ అధ్యాయము).

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య చెలరేగిన హింసకు భయపడి వేలాది కోయ కుటుంబాలు ఇళ్ళు విడిచి భద్రాచలం అడవుల వైపు వచ్చాయి. దేశ సరిహద్దు దాటలేదు గనుక చట్టం వారిని శరణార్థులు అనదు. ఆ ప్రాంతంలో వారిని గుత్తికోయలంటారు. అక్కడి మిరప తోటల్లో కూలి పనే వారిలో చాలామందికి ఆధారమయింది. మన గుంటూరు, ప్రకాశం చేలకు కూడా పత్తి తీతకు, మిరప కోతకు కర్నూలు పడమటి మండలాల నుండి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుండి కుటుంబాలు వస్తుంటాయి. పని చూపించడం సగం సహాయమే. ఆ పనిలో వారిని క్షేమంగా ఉంచడం మిగతా సగం.

మనం చేయగలిగినవి:

1. కూలి రోజుకా, కిలోకా, ఎంత అన్నది మొదటి రోజే వారికి అర్థమయ్యే భాషలో చెప్పండి. మేస్త్రీకే ఇచ్చి వదిలేయక, స్త్రీల కూలి స్త్రీల చేతికే ఇవ్వండి.

2. తాగే నీళ్ళు చేను గట్టునే ఉంచండి. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా అందులో నీళ్ళు పోయరాదు.

3. మందు కొట్టిన చేలోకి డబ్బాపై రాసిన గడువు తీరేవరకు ఎవరినీ కోతకు పంపవద్దు.

4. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, ఉత్త నీళ్ళకు పోదు. చేతులకు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఇది తప్పక చెప్పండి. కంట్లో పడితే మాత్రం నూనె వద్దు, మంచినీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి.

5. పసిబిడ్డలను అంగన్‌వాడీకి, టీకాలకు తోడుండి తీసుకువెళ్ళండి. ఏ ఊరి బిడ్డకైనా టీకాలు ఉచితమే. క్షయ మందులు మధ్యలో ఆపినవారుంటే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. ఆ మందులు ఇక్కడ కూడా ఉచితంగా ఇస్తారు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి: ఈ కోతకాలంలో మన చేలోకి వచ్చిన పరదేశి పేరు మనకు తెలుసా? ఆమె బిడ్డ ఎక్కడ పడుకుంటున్నాడు?

ప్రభువు మిమ్మును, మీ చేలను దీవించును గాక. ఆమేన్.

— నర్సింగ్ సూపరింటెండెంట్